సబ్ ఠీక్ హై, సాబ్

అయినా అంత పెద్ద బోర్డెందుకు, మెంటల్ డాక్టర్‌కు జర చిన్న బోర్డు పెట్టుకుంటే ఏం పోయింది, బట్టల దుకాణం బోర్డు లెక్క గంత పొడుగు, అండ్ల మనిషి తలకాయ బొమ్మ, తలకాయ లోపట మెదడు, అచ్చం కాలీఫ్లవర్, కింద ఎర్రక్షరాలల్ల మానసిక వైద్య నిపుణులు, రెండో అంతస్తు, పక్కన బాణం గుర్తు, ఇగ ఆ బాణం దిక్కు నడిచినోడు ఎటు పోతున్నడో అబిడ్స్ మొత్తానికి తెలుస్తది, జీపీఓ కాడ నిలబడ్డా కనపడుతది, నేను నిలబడి చూసిన, రెక్కీ చేసిన, ఒకసారి ఇటుకెల్లి, ఒకసారి అటుకెల్లి, ఒకసారి రోడ్డుకు అవుతల చాయ్ తాగుకుంట, నేనంటే, ఫౌజుల హవల్దార్ దుర్గేష్ అంటే, ఉత్తగనే గాదు, కొండలల్ల చీకట్ల అడుగుల సప్పుడిని బట్టి వచ్చేది మనిషో మేకో చెప్తడు, గసొంటోడు అబిడ్స్‌ల మెట్లెక్కనీకి పొద్దటిసంది తిరుగుతుండు, ఆదివారం గదా, దుకాణాలన్ని బంద్, షట్టర్ల ముంగట ఫుట్‌పాత్ మొత్తం పాత పుస్తకాలే, వంగి పుస్తకాలు చూస్తున్నట్టు చేసుకుంట కంటి కొసతోని మెట్లు చూస్తున్న, ఉత్తగ చూస్తే అనుమానమొస్తదని ఒకటి కొన్న, అది కోళ్ల పెంపకం, మల్లొచ్చి ఇంకోటి కొన్న, ఇంటర్ కెమిస్ట్రీ గైడు, మూడోసారి చేతికేదొస్తే అది కొన్న, చూస్తే కుట్లు అల్లికలు, ఏంది సాబ్ కోళ్ల ఫారం పెడ్తున్నరా అన్నడు పుస్తకాలాయన, ఔ అన్న, అల్లికలు మేడంకా అన్నడు, ఔ అన్న, డాక్టర్ కాడికైతే పైన ఖాళీనే ఉన్నది సాబ్, పొండ్రి, అన్నడు, ఏ డాక్టర్, నాకేం డాక్టర్, అని ఎంత గట్టిగ అన్ననంటే పక్కన డిక్షనరీ బేరం చేస్తున్న ఆంటీ భయపడి అవుతలికి జరిగింది.

జేబుల ఫోను గుర్రుమన్నది, లక్ష్మణరావే, ఇంకెవడుంటడు, మావోడిది శ్రీకాకుళం దిక్కు, పల్టన్‌ల నాకు బడీ, బడీ అంటే ఫౌజుల జోడి, ఏ పనికైనా ఇద్దరిని కలిపే పంపుతరు, ఒకడు పంటే ఒకడు మేలుకోవాలె, ఒకని కాలికి పుండైతే రెండోడు చూసి చెప్పాలె, చెంబు పట్టుకొని పోయినా ఒకడు కూసుంటే ఒకడు కావలి, గట్ల ఎన్నేండ్లసందో నా కావలి వీడు, ఎక్కినావేటి అన్నడు, ఎక్కుతున్న అన్న, పొద్దున్నుంచీ ఎక్కుతున్నావు, అవి మెట్లేనా, హిమాలయాలేటి అన్నడు, రెక్కీ నడుస్తున్నది రా అన్న, సన్నాసీ, అక్కడ శత్రువెవడూ లేడు, డాక్టరమ్మ ఉంటాది, ఎక్కు, అని పెట్టేసిండు, అసలు ఈ పంచాయితంతా బిస్కట్లతోని మొదలైంది, పోయిన వారం వాడు ఫోన్ చేసింది ఉస్మానియా బిస్కట్ల కోసమే, లీవు నుంచి వచ్చినప్పుడు రెండు డబ్బాలు తే, పోయినసారి తెచ్చినవి పొడైపోనాయి, ఈసారి ఒళ్ళో పెట్టుకోని తే అన్నడు, తెస్త తియ్ అన్న, అనుకుంటనే అదే ఊపిరిల, నాకు బతకాలనిపిస్తలేదు రా అన్న, నేననాలె అనుకోలే, నోరే అన్నది, బిస్కట్ల మాట ఎనకనే అది కూడ బయటికొచ్చింది, నిద్రల కూడ వాగే లక్ష్మణరావు గొంతు తగ్గించి, చచ్చిపోవాలనుందేటి, సూటిగా చెప్పు నాకు, అన్నడు, గంత సీదా అడిగేసరికి అబద్ధం యాదికి రాలే, ఒక్కోసారి, అన్న, నేను లేకుంటే జమున, పిల్ల సుఖంగ ఉంటరనిపిస్తది అన్న, బిస్కట్లు తరవాత, ముందు నువ్వు రా, అన్నడు, అప్పటిసంది పొద్దుమాపు ఫోన్లే, తిన్నావా, పడుకున్నావా, ఇంట్లో చెప్పినావా, వాళ్ళ చిన్నమ్మ కొడుకును సతాయించి ఈ డాక్టరమ్మ పతా తెచ్చిండు, ఆదివారం కూడ పొద్దున కూసుంటదంట, వెళ్ళకపోతే పల్టన్ పెద్ద సీఓ సాబ్‌కి నేనే చెప్పేస్తాను, నన్ను తిట్టుకో, కొట్టుకో, బతికుండి కొట్టుకో, అన్నడు, గిసొంటి బడీ ఉంటే మనిషికి మనశ్శాంతిగ పరేషాన్ అయ్యే హక్కు కూడ ఉండదు.

ఎందుకట్ల అనిపిస్తదంటే ఏం చెప్పాలె, ఒక గ్లౌజు గురించి ఎవరికి చెప్పాలె, ఎడమ చేతి గ్లౌజు, బండెక్కినంక చూసుకుంటే లేదు, దిగిన, మీరు నడువుండ్రి, ఎనక బండిల వస్త, అన్న, ఆ బండి మలుపు కాడ మంచుల జారి లోయల పడ్డది, ఇద్దరు పోయిన్రు, నా సెక్షనోళ్ళే, ఒకాయన నవ్వితే బుగ్గ సొట్టపడుతుండె, గ్లౌజు నా కోటు జేబులనే ఉండె, వెతికినప్పుడు కనపడలే, వాళ్ళు పోయినంక కనపడ్డది, అప్పటిసంది నిద్ర పడితే ఎడమ చెయ్యి సల్లబడి మెలుకువొస్తది, లీవుల ఇంటికొస్తే తగ్గుతదనుకున్న, నాంపల్లి స్టేషన్ల దిగంగనే ఆటోలోళ్ళు మీద పడి లాగుతుంటే ఎప్పుడు నవ్వొస్తుండె, ఈసారి ఏడుపొచ్చింది, ఇంట్ల నా భార్య జమున, బిడ్డ స్నేహ వంటింట్ల పడిపడి నవ్వుతుంటే నేను హాల్ల కూసోని, నేను లేకున్నా ఎంత మంచిగ నడుస్తున్నదీ ఇల్లు అనుకుంట, అనుకొని నేనే భయపడ్త, ఇంకో వారమైతే మల్ల డ్యూటీ, మల్ల చేతికి రైఫిల్ ఇస్తరు, అది నా చేతుల ఉంటదంటే నాకే భయం, బతకాలె, నేను బతకాలె, స్నేహకు ఇంకా సైకిల్ కూడ సక్కగ రాదు.

జమునకేమో పన్ను నొప్పి అని చెప్పిన, మొన్ననే మొదలుపెట్టిన, ఆదివారం దవాఖానకు పోవాలంటే అంతకు ముందే నొప్పి లేవాలె గదా, ప్లానింగ్ అంటే గట్లుండాలె, కానీ ప్లాన్ల ఒక్కటి మర్చిపోయిన, పన్ను నొప్పంటే తిండి ఉండదు, నిన్న ఇంట్ల మటన్ వండిన్రు, తల్లీబిడ్డ బొక్కలు కొరుకుతున్నరు, నాకు రాగి జావ, జర ముక్క ఏస్తవా అంటే, ఏందయ్యా, పన్ను నొప్పంటివి గదా, ఊకో, అన్నది, ఇగ ఇయ్యాల బయలుదేరంగ నోట్ల లవంగం పెట్టింది, ఊంచి పారెయ్యకు, నొప్పి గుంజుతది అని, ఆ లవంగం ఇంకా బుగ్గల మండుతనే ఉన్నది, నా ముఖం దిక్కు చూసుకుంట నిలబడ్డది గడప కాడ, పన్నేనా, అన్నది, ఔ పన్నే అన్న, తనకు ఎరుకనేమో, ఎరుక లేకుంటే అట్ల ఎందుకడుగుతది, పదిమందికి ఎరుకైతే ఏంది అంటడు లక్ష్మణరావు, వానికేం, రేపో మాపో నాయబ్ సుబేదార్ ప్రమోషన్ బోర్డుకు పోవాల్సింది నేను, మెడికల్ కేటగిరీ, అంటే ఫిట్‌నెస్ గ్రేడు, తగ్గిస్తరు, రైఫిల్ గుంజుకొని స్టోర్ల దుప్పట్లు లెక్కవెట్టుమంటరు, లంగర్ల, అంటే మా మెస్సుల, చపాతీ కంటే ముందు ముచ్చట అందరి పళ్ళెంల పడ్తది, దుర్గేష్ పాగల్ అయిండంట అని, అందుకే మిలిటరీ దవాఖానకు పోలే, అబిడ్స్‌కొచ్చిన, ఇగ ఎక్కుతున్న, తల వంచి, పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకొని, కోళ్ల పెంపకం ముంగట, కెమిస్ట్రీ ఎనక.

మొదటి అంతస్తుల పండ్ల డాక్టర్, మంచిదే, ఎవరన్న ఎదురైతే ఈడికే అనొచ్చు, ఇంకొక్క మలుపు, ఇంకొన్ని మెట్లు, అని తలెత్తేసరికి రెండో అంతస్తు కెల్లి దిగుతుండు, ఎవరు, సుబేదార్ మల్లేశ్వరరావు సాబ్, రిటైరై ఖైరతాబాద్‌ల ఉంటున్నడని ఇన్న గానీ ఈ ఆదివారం ఈ మెట్ల మీదనే దొరకాల్నా నాకు, పల్టన్ మొత్తానికి హడల్ ఆ మనిషి, కొత్తగ చేరినప్పుడు నాకు కావలి డ్యూటీ నేర్పింది ఈయనే, పెద్దాఫీసర్ వస్తే కాళ్ళు కొట్టి గొంతెత్తి రిపోర్ట్ ఇయ్యాలె, సబ్ ఠీక్ హై సాబ్, అంటే అంతా మంచిగున్నది సాబ్ అని, రోజు గదే, పొద్దున గదే, మాపటికి గదే, ఒకసారి గాలి దుమారమొచ్చి నా ఎనక వంట టెంటు మొత్తం లేసిపోయింది, గిన్నెలు, రొట్టెలు, వంటాయన టోపీ అన్ని కొండ కిందికి పోతున్నయ్, వంటాయన వాటెనక ఉరుకుతుండు, అప్పుడే సీఓ సాబ్ వచ్చి క్యా రిపోర్ట్ హై అన్నడు, నేను కాళ్ళు కొట్టి సబ్ ఠీక్ హై సాబ్ అన్న, సీఓ సాబ్ నా భుజం మీదికెల్లి ఎనకకు చూస్తున్నడు, ఒక చపాతీ ఆయన ముక్కు ముంగటికెల్లి ఎగురుకుంట పోయింది, ఆయన మల్ల అడిగిండు, నేను మల్ల సబ్ ఠీక్ హై సాబ్ అన్న, తర్వాత సుబేదార్ సాబ్ రైఫిల్ నెత్తి మీద పెట్టించి నన్ను గ్రౌండు చుట్టు ఉరికించిండు, ఎనకకెల్లి ఏదో అరుసుకుంట తను కూడ ఉరికిండు, ఏమరిచిండో ఎవడిన్నడు, ఊపిరి తీసుకునుడే కష్టమైతుంటే, ఇప్పుడు గా మనిషి నా ముంగట, హాఫ్ షర్టు, చెప్పులు, చేతుల మందుల సంచి, నేను ఏం చెయ్యాలె, తల తిప్పుకోవాలె, కిందికి దిగాలె, గానీ నా కాళ్ళు నా మాట ఇనవు, సుబేదార్ సాబ్ మాటనే ఇంటయ్, టప్పున దగ్గరికొచ్చినయ్, జైహింద్ సాబ్, అని బిల్డింగు అదిరేటట్టు అరిచిన, కోళ్ల పెంపకం మెట్ల మీద జారిపోయింది, ఆయన కూడ కడుపు లోపటికి గుంజి, సంచి ఎనక దాసి, జైహింద్, క్యా రిపోర్ట్ హై, అన్నడు, సబ్ ఠీక్ హై సాబ్ అన్న, కింద ఫుట్‌పాత్ మీద పుస్తకాలాయనకు కూడ ఇనపడ్డట్టుంది, ఎవరో నవ్విన్రు.

ఏరా దుర్గేష్, ఇక్కడేం పని, అన్నడు, పన్ను సాబ్ అన్న, ఓహో, నాకూ పన్నే, అన్నడు, పండ్ల డాక్టరేమో మొదటి అంతస్తుల, సాబ్ దిగుతున్నదేమో రెండో అంతస్తు కెల్లి, గానీ సుబేదార్ సాబ్ మ్యాప్ రీడింగ్‌ను ఎవడడుగుతడు, పద మరి, అన్నడు, పదుండ్రి సాబ్ అన్న, ఇద్దరం కదలలే, ఒకలు పైకి పోతరేమో అని ఒకలం చూసుకున్నం, ఆఖరికి ఇద్దరం కలిసి పండ్ల డాక్టర్ తలుపు తోసినం, తోసినంక ఇగ ఎనకకు రానీకి లేదు, నన్ను కుర్చీల పండవెట్టిన్రు, నోరు తెరువుండ్రి అన్నడు డాక్టర్, ఈ లవంగం ఎవరు పెట్టిన్రు అన్నడు, భార్య అన్న, అది తీసి పారేసి లైటు పెట్టి అన్ని పండ్లు టకటక కొట్టి చూసిండు, అరె, పండ్లు గుర్రానికున్నట్టు ఉన్నయి సార్, ఏది నొప్పి అన్నడు, సాబ్ గోడ కాడ కుర్చీల ఛాతీ విరుచుకొని నన్నే చూస్తున్నడు, ఏది నొప్పని చెప్పాలె, వేలు పెట్టి చూపనీకి అది పండ్లల్ల లేదాయె, ఏదో ఒక మూలకు వేలు పెట్టిన, అది జ్ఞానదంతం, జర వంకరున్నది గానీ దాని మానాన అదున్నది, కదిలియ్యకుంటేనే మంచిది అన్నడు, కాదు మస్తు నొప్పి, తీసెయ్యుండ్రి, అన్న, నేనే అన్న, నా సొంత నోటితోని, మంచి పన్ను పోయినా పాయె గానీ మెంటల్ డాక్టర్ కాడికొచ్చిన అనే మాట సుబేదార్ సాబ్ ముంగట రావొద్దు, బులెట్ ప్రూఫ్ జాకెట్ ఏసుకోని లడాయికి పోతం, ఈడ పన్ను అడ్డం పెట్టుకుంటున్న, సూదిచ్చిండు, బుగ్గ పోయింది, పెదవి పోయింది, నాలుకల సగం పోయింది, అబ్బ, మనసుకు గూడ గిసొంటి సూది ఉంటే ఎంత మంచిగుండు అనుకున్న, గట్ల అనుకోంగనే కుడి కంట్లకెల్లి నీళ్ళు కారుడు మొదలైంది, ఇంకా నొప్పి కాకముందే ఏడుస్తున్నరేంది సార్ అన్నడు డాక్టర్, నోట్ల గుడ్డలున్నయి, ఆయన పట్కారు తీసిండు.

రుకో, అన్నడు సాబ్, పరేడ్ గ్రౌండు మీది గొంతు అది, పట్కారు గాల్లనే ఆగింది, డాక్టర్, వాడి పన్ను మంచిదే, వదిలెయ్, వాడు వెళ్ళాల్సింది రెండో అంతస్తుకి, అన్నడు, ఇగ లేసి నా దగ్గరికొచ్చి నోరు బార్లా తెరిచి కుడి దిక్కు వేలు పెట్టి చూపెట్టిండు, ఆడ పెద్ద సందు, కనిపిస్తోందా, అన్నడు, రిటైరైన కొత్తలో నాకు నిద్ర లేదు, ఇంట్లో ఎవరితో మాట లేదు, ఒకరోజు చచ్చిపోదామనిపించి, హడలిపోయి ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను రా, మెట్ల మీద తెలిసినవాడొకడు ఎదురయ్యాడు, పన్ను అన్నాను, ఇదే కుర్చీలో రాయిలాంటి పన్ను పీకించుకుని ఇంటికెళ్ళిపోయాను, మళ్ళీ ఈ మెట్లెక్కడానికి నెలలు పట్టింది, ఆ నెలలు నేనెలా గడిపానో పగవాడికి కూడా వద్దు, అన్నడు, డాక్టర్ పట్కారు పక్కన పెట్టి, ఔ, నేనే పీకిన, నాకేం తెల్సు సార్, నొప్పి అంటే నొప్పే అనుకున్న, మీ ఫౌజోళ్ళు, పోలీసోళ్ళు మస్తుమంది వస్తరు, ఒక్కని పన్ను ఖరాబుండదు, ఏం తింటరో ఏమో అనుకుంటుండె ఇన్నొద్దులు, అన్నడు, నాకు నవ్వొచ్చింది, సగం మూతే నవ్వింది, సగం నుంచి సొంగ కారింది, సాబ్ తన చేతిగుడ్డతోని నా మూతి తుడిచిండు, మల్లేశ్వరరావు సాబ్, నా మూతి, లక్ష్మణరావుకు చెప్తే నమ్మడు, కేతగిలీ తగ్గిత్తలు థాబ్, అన్న, నాలుక తిరుగుతలేదు, తగ్గితే తగ్గనీ, మళ్ళీ పెరుగుతుంది, ముందు నువ్వుంటేనే కదా బోర్డుకి వెళ్ళేది, నడు, అన్నడు, నడిచిన, నా ఎనకనే అర అడుగు ఎడంగ ఆయన, బడీ నడిచే తీరు అది, సుబేదార్ హవల్దార్‌కు బడీగ నడుసుడు ఏ ఫౌజుల లేదు, మెట్ల గోడ మీద కూడ బాణం గుర్తు ఉన్నది, పోనీ, చూసేటోళ్ళను చూడనీ.

పైన కౌంటర్ కాడ ఉన్న అమ్మాయి పేరు చెప్పండి సార్ అంటే అలవాటు ఎక్కడికి పోతది, కాళ్ళు కొట్టి నంబరు, ర్యాంకు, పేరు మొత్తం చెప్పిన, సగం నాలుకతోని, ఆ పిల్ల బిత్తరపోయి సాబ్ దిక్కు చూసింది, గోడ మీద సర్కారోళ్ళ హెల్ప్‌లైన్ కాగితం, 14416, ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చంట, ఫోన్లో ఎక్కించు అన్నడు సాబ్, ఎక్కించిన, చదువు అన్నడు, చదివిన, సరిగ్గా పలకలేదు, మళ్ళీ చదువు అన్నడు, రైఫిల్ నంబరు బట్టీ పట్టించినట్టే పట్టించిండు, సాయంత్రం మీ ఆవిడకి కూడా చెప్తావు, అన్నడు, అది ఆర్డరే, చెప్త సాబ్ అన్న, పన్ను కాదు జమునా అని మొదలుపెడ్త, మటన్ కూడ అడుగుత, నేనిక్కడే ఉంటాను, వెళ్ళు, అని బెంచీ మీద కూసున్నడు, నేను లోపటికి పోయిన, డాక్టర్ కామాక్షి గారు, మా అక్క వయసుంటది, నా చేతుల కుట్లు అల్లికలు పుస్తకం చూసి కూసోమన్నది, కూసున్న, చెప్పండి దుర్గేష్ గారూ, ఎలా ఉన్నారు, అన్నది, కుర్చీ కింద నా మడమలు వాటంతటవే దగ్గరికొచ్చినయ్, మాట పండ్ల దాక వచ్చింది, సబ్ ఠీక్, అంత దాక వచ్చి ఆగింది, ఎందుకంటే నా ఎనక టెంటు లేస్తున్నది, గిన్నెలు పోతున్నయ్, వంటాయన ఉరుకుతుండు, చపాతీ ఎగురుతున్నది, రైఫిల్ నెత్తి మీద పెట్టుకొని నేనురుకుతున్న, నా ఎనక సుబేదార్ సాబ్ ఏమరుసుకుంట ఉరికిండో ఇగో ఇప్పుడు ఇనపడుతున్నది, గాడిదా, సబ్ ఠీక్ హై అనడానికైతే అక్కడ దిష్టిబొమ్మని పెట్టేవాళ్ళం రా, తేడా వస్తే చెప్తావనే కదా మనిషిని నిలబెట్టింది, అని, గదే, గంతే, అదే డ్యూటీ, ఇన్నేండ్లు నేను ఉల్టా చేసుకుంట వచ్చింది, ఠీక్ లేదు మేడం, అన్న, సొంగ కారుతుంటే సాబ్ ఇచ్చిన చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని మల్ల అన్న, ఈసారి జర సాఫ్ వచ్చింది, ఏం ఠీక్ లేదు, బతకాలనిపిస్తలేదు, గానీ బతకాలె, టెంటు లేసిపోయింది మేడం, అన్న, ఏ టెంటు అని ఆమె అడగలే, పెన్ను పక్కన పెట్టి కుర్చీ జర ముంగటికి జరుపుకున్నది, నేను గ్లౌజు కాడికెల్లి మొదలుపెట్టిన.